పాలతో వద్దన్న మందు

2006 ఆగస్టు 19, శనివారం. ఆ పొద్దున ఆంథోని తిన్నది జొన్నరొట్టె, బోడకాకరకాయ వేపుడు. రెండో రొట్టె సగంలో ఉండగా ఫోన్ మోగింది. మిగిలిన సగాన్ని బావమరిది శాంతికుమార్ కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. పాల్వంచ దాటాక ఒక చేత్తో బండి నడుపుతూ దాన్ని తినేశాడు కూడా.

అవతల ఒక ఆడగొంతు గబగబా చెప్పుకుపోయింది.

"సార్, నేను రూప్లిని. మీ స్టూడెంట్‌ని. గోదారి వరద తీసినంక మా దిక్కు వాంతులు, విరేచనాలు సార్. డాక్టరు రాసిన చీటీ చూసే మందిచ్చిన. అవి నకిలీ గోలీలని కేసు పెడుతున్రు. సాయంత్రం ఐదింటికి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి నా షాపుకు సీలేస్తరట."

ఆంథోని ఖమ్మంలో ఒక ఫార్మసీ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్లు ఔషధ రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక పాల్వంచలో బావమరిది ఇంటి మేడమీద గదిలోకి మారాడు. మందుల దగ్గర ఏ చిక్కొచ్చినా జనం ఆయనకే ఫోన్ చేసేవాళ్లు. ఎవరో ఒకసారి 'మందుల డిటెక్టివ్' అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. అది ఆయనకు నచ్చిందా అని ఎవరూ అడగలేదు. నచ్చింది.

"బావా, నైట్ షిఫ్టు దిగి గంట కాలే. నన్ను పడుకోనియ్యవా?" అన్నాడు శాంతికుమార్, భద్రాచలం రోడ్డు ఎక్కుతూ.

"నువ్వు పడుకుంటే బండి ఎవరు నడుపుతరు?"

"అక్క ఉంటే నిన్ను కొట్టేది."

"మీ అక్క ఉంటే ఇంకో రొట్టె కూడా కట్టిచ్చేది," అన్నాడు ఆంథోని. ఇద్దరూ నవ్వుకున్నారు.

తొమ్మిదీ నలభైకి ఇసకవాగు క్రాస్‌రోడ్డు చేరారు. రూప్లి షాపు చిన్నది. ముందు గది, వెనక ఇంకో గది. ముందు గదిలో ఆమె నిలబడి ఉంది. ఆమె కుర్చీలో ఒక ముప్పై ఏళ్ల మనిషి కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు.

"మీరేనా మాస్టారు?" అంటూ కార్డు తీసి ఇచ్చాడు. గణేష్, ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్, హైదరాబాద్. "ఒక హోల్‌సేల్ ఏజెన్సీ నన్ను పెట్టుకుంది. ఈ దిక్కు నకిలీ మందులమ్మేది ఎవరో పట్టియ్యాలె. పట్టిన. మీరు వచ్చిన తొవ్వనే పోవచ్చు."

"వచ్చినం కదా, ఒక చాయ్ తాగి పోతం," అన్నాడు ఆంథోని. "నీ కేసేందో చెప్పు నాయనా. నాకు వినుడంటే ఇష్టం."

గణేష్ వేళ్లు మడుస్తూ చెప్పాడు. ఆగస్టు పదమూడున రూప్లి పదిహేను మందికి టెట్రాసైక్లిన్ గొట్టం గోలీలు, అంటే క్యాప్సూళ్లు, ఇచ్చింది. వాళ్లలో ఆరుగురు ఆమె సొంత తండా వాళ్లు. రెండు రోజుల్లో లేచి నాట్లకు పోయారు. తొమ్మిది మంది వాగు అవతల కోయగుంపు వాళ్లు. ఆరు రోజులైనా వాళ్లకు తగ్గలేదు.

"అంటే ఏంది? సొంతోళ్లకు అసలు మందు, గుంపోళ్లకు పిండి. ఇప్పటికే రెండు ఊర్లు ఒకరి మొహం ఒకరు చూస్తలేరు."

రూప్లి గిర్రున తిరిగింది. "నోటికెంతొస్తే అంత అంటవా? అందరికీ ఒక్క డబ్బాల నుంచే తీసిచ్చిన!"

"గిదేందో చెప్పు మరి," అంటూ గణేష్ సంచిలోంచి ఒక దండ తీసి బల్లమీద పరిచాడు. సగం పసుపు, సగం నారింజ రంగు గొట్టాలు, దారానికి గుచ్చి ఉన్నాయి. అన్నీ ఖాళీవి. "గుంపుల ఒక పిల్ల మెడల దొరికింది. ఖాళీ గొట్టాలు ఎవరి దగ్గరుంటయ్? వాటిల పిండి నింపేటోళ్ల దగ్గర."

శాంతికుమార్ చాయ్ గ్లాసు కింద పెట్టి బావ మొహం చూశాడు. ఆంథోని మొహం క్లాసులో మంచి ప్రశ్న విన్నప్పటిలా వెలిగింది. ఒక గొట్టం విప్పి, లోపల చిటికెన వేలు తిప్పి, తెల్ల కాగితం మీద రాశాడు. సన్నని పసుపు గీత పడింది.

"దీంట్ల మందు ఉండె. నింపేందుకు తెచ్చిన గొట్టమైతే లోపల కడిగినట్టుంటది. దీన్ని ఎవరో నిదానంగా విప్పి, మందు ఒంపుకున్నరు. ఒక్క గొట్టం కూడా చితకలేదు చూడు. ఓపిక ఉన్న చెయ్యి."

"మందు ఒంపుకుని ఏం చేస్తరు మాస్టారూ? ముగ్గేస్తరా?"

"అదే అడిగొద్దాం పద."

వాగులో మోకాలి లోతు నీళ్లున్నాయి. రూప్లి చీర కుచ్చిళ్లు దోపుకుని ముందు నడిచింది. వాళ్లు సాక్ష్యాలు మాయం చేస్తారేమోనని గణేష్ కూడా వెంట వచ్చాడు. బూట్లు విప్పనన్నాడు. అవతలి గట్టు చేరేసరికి అతను అడుగు వేసినప్పుడల్లా బూట్లలోంచి కప్ప అరిచినట్టు చప్పుడు వస్తోంది. గుంపు పిల్లలు ఆ చప్పుడుకు పడీ పడీ నవ్వారు. మంచం మీద పడుకున్న రోగి ఒకాయన కూడా నవ్వడం చూసి ఆంథోని మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాడు. నవ్వే ఓపిక మిగిలి ఉంది.

టైం పదకొండు. తొమ్మిది మందిలో ఏడుగురు లేచి తిరుగుతున్నారు, కానీ కాళ్లలో బలం లేదు. ఇద్దరు ఇంకా మంచం దిగలేదు. ఆంథోని ఒక్కొక్కరి పక్కన కూర్చుని అవే మూడు ప్రశ్నలు అడిగాడు.

"మందు ఎప్పుడేసుకున్నవ్?"

"కోడి కూసినప్పుడు," అన్నాడు జంపయ్య అనే నడివయసు మనిషి.

"ఎవరిచ్చిన్రు?"

"పుల్లమ్మవ్వ."

"ఎన్ని గోలీలు?"

జంపయ్య పక్కవాళ్ల వంక చూశాడు. "గోలీలు కాదయ్యా. దొప్పల పోసింది. తాగినం."

రెండో మనిషీ అదే చెప్పాడు. మూడో ఆమె కూడా. తొమ్మిది మందిలో ఒక్కరూ గోలీ మింగలేదు.

"విన్నవా?" అన్నాడు ఆంథోని, గణేష్‌తో.

"ఏం విన్న? ముసలామెతోటి కలిసే చేసిందన్నట్టు."

రూప్లి ఏదో అనబోతే ఆంథోని చెయ్యి అడ్డం పెట్టాడు.

పుల్లమ్మ గుడిసె ముందు కూర్చుని కుండలో గంజి కలుపుతోంది. డెబ్బై దాటి ఉంటాయి. వాళ్ల గుంపులో మందు ఎవరికి వాళ్లు వేసుకోరు. అడవిలోంచి వేరు తెచ్చేది, నానబెట్టేది, తాగించేది ఒకటే చెయ్యి. మందు ఎలా చేశామో నోటితో చెబితే దాని గుణం పోతుందని నమ్మకం. అందుకే ఆరు రోజులుగా ఆ మందు ఎలా తయారైందని గుంపులో ఎవరూ అడగలేదు. గణేష్ అడిగాడు గానీ ఆమె అతని బూట్ల వంకే చూస్తూ ఊరుకుంది.

ఆంథోని ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. "అవ్వా, గంజి ఎవరికి?"

"పడుకున్నోళ్లకు. ఉప్పేసి, పలచగ. గంటకొక్క దొప్ప. మొదటి నాటి నుంచి పోస్తున్న."

"రాత్రి కూడా?"

"రోగానికి రాత్రి తెలుస్తదా అయ్యా?"

ఆంథోని కుండలోకి తొంగి చూశాడు. ఆరు రోజులు వాంతులు, విరేచనాలు. ఒక్క ప్రాణం పోలేదు. దానికి జవాబు ఈ కుండలో ఉంది.

"అవ్వా, నువ్వు మందెట్ల చేసినవో చెప్పొద్దు. చెప్తే గుణం పోతదంటరు కదా. చెప్పకుండ చూపిస్తవా?"

ఆమె ఆలోచించింది. చూపిస్తే పోతుందని ఎవరూ అనలేదు. లేచి లోపలికి నడిచింది.

గుడిసెకు కిటికీ లేదు. తలుపు వేస్తే మిట్టమధ్యాహ్నమూ చీకటే. మూలలో ఒక మట్టి ముంత ఉంది. అందులో అడుగున తెల్లగా పేరుకున్న మడ్డి, పైన తేటగా నీళ్లు.

"శాంతీ, నీ దీపం తే."

శాంతికుమార్ థర్మల్ స్టేషన్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తాడు. టర్బైన్ రెక్కలకు ఒక రకం రంగు పూసి, చీకట్లో అతినీలలోహిత కాంతినిచ్చే నీలి దీపం వేసి చూస్తే, కంటికి ఆనని పగుళ్లు కూడా మెరుస్తూ కనబడతాయి. ఆ బ్యాటరీ దీపం అతని సొంతానిది. ఎప్పుడూ బండి సంచిలోనే ఉంటుంది. ఆ సంచి భుజాన తగిలించుకునే వాగు దాటాడు.

తలుపు వేశారు. దీపం వెలిగింది. దాని వెలుగు కంటికి ఊదారంగు మసకలా తప్ప ఆనడం లేదు. కానీ ముంత అడుగున మడ్డి మాత్రం నిమ్మపండు రంగులో భగ్గుమంది.

"వామ్మో!" అని శాంతికుమారే మొదట అరిచాడు. "టెట్రాసైక్లిన్ ఈ దీపం వెలుగుకు ఇట్లనే మెరుస్తది," అన్నాడు ఆంథోని.

ఇంకొకటి కూడా మెరిసింది. పుల్లమ్మ చేతివేళ్లు. గోళ్ల సందుల్లో, కణుపుల ముడతల్లో సన్నని పసుపు గీతలు. ఆమె చేతులు ముందుకు చాచి, తిప్పి తిప్పి చూసుకుని, చిన్నపిల్లలా నవ్వింది.

"మిణుగురులెక్క ఉన్నయ్ నా వేళ్లు!"

"అవ్వా, ముంతల సున్నపు తేటనేనా? అవ్ అయితే తల ఊపు."

పుల్లమ్మ తల ఊపింది. కడుపు నొప్పికి, విరేచనాలకు సున్నం నీళ్లలో కలిపి తేర్చి పట్టించడం ఆమెకు అలవాటు. ఏ వేరైనా రాత్రి ఆ తేటలో నానాలి, కోడి కూయగానే తాగాలి. గొట్టాలు ప్లాస్టిక్‌వేమో, కడుపులో కరగవేమో అనుకుంది. రోజూ రాత్రి ఒక్కొక్కటీ విప్పి పొడి అంతా తేటలో వేసి, ఖాళీ గొట్టాలు మనవరాలికి ఆడుకోవడానికి ఇచ్చింది. తొమ్మిది మందికీ చుక్క తేడా లేకుండా పంచింది.

రూప్లి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "సార్, నా తప్పే. మందిచ్చేటప్పుడు అందరికీ ఒకటే మాట చెప్పిన. పాలతోటి వేసుకోవద్దని."

"తండోళ్లు విన్నరా?"

"మా తండాల ఇంటింటికి బర్లున్నయ్ సార్. పాలు లేకుంటే మాకు తెల్లారది. అందుకే గట్టిగ చెప్పిన, విన్నరు. గుంపోళ్లకు చెప్తే నవ్విన్రు. వీళ్లు పాలే పిండరు. పాలు లేగదూడవి అంటరు."

"పాలతో ఎందుకు వద్దు రూప్లీ?"

గుడిసెలో అందరూ ఆమె వంక చూశారు. రూప్లికి కాలేజీలో ఆఖరి బెంచీ గుర్తొచ్చింది. బోర్డు నిండా ఆరు మూలల గడులు గీస్తుంటే ఆమే లేచి అడిగింది. 'సార్, రేపు షాపుల గోలీలమ్మేటప్పుడు ఈ బొమ్మలు దేనికి పనికొస్తయ్?' క్లాసంతా నవ్వింది. ఆంథోని కూడా నవ్వాడు. జవాబు మాత్రం అప్పుడు సరిగా చెప్పలేకపోయాడు. ఆ లోటు ఆయన మనసులో ఉండిపోయింది.

రూప్లి పొయ్యి పక్కన బూడిదలో వేలితో నాలుగు గడులు వరసగా గీసింది. ఒక పక్కన రెండు కొమ్ములు పెట్టింది.

"టెట్రాసైక్లిన్‌కు నాలుగు గడులు, కింద చేతుల్లెక్క రెండు ఆక్సిజన్లు. కాల్షియం కనబడితే ఆ రెండు చేతులతోటి పట్టుకుంటది. పట్టుకున్నంక పేగుల నుంచి నెత్తుట్లకు పోదు. వచ్చిన తొవ్వనే బయటికి..." ఆమె వేలు బూడిదలో ఆగిపోయింది. "పాలల్ల ఉన్నది కాల్షియమే, సున్నంల ఉన్నదీ అదే! పాలు కాదు సార్ పట్టుకోవాల్సింది. నేను పాల మాట పట్టుకున్న, కాల్షియం మాట మరిచిపోయిన."

"ఇనుము గోలీ, గ్యాస్ మందు కూడా," అని అందించాడు ఆంథోని. "బొమ్మ గుర్తుంటే లిస్టు గుర్తుపెట్టుకునే పని లేదు. నీ బెంచీల నుంచి వచ్చిన ప్రశ్నకు నీ షాపే జవాబు చెప్పింది బిడ్డా."

పుల్లమ్మ నవ్వు ఆగిపోయింది. "అంటే నా చేతి మందే వాళ్లను లేవనియ్యలేదా?"

ఆ ప్రశ్నకు జవాబు రూప్లి ఇవ్వాలని ఆంథోని ఊరుకున్నాడు. నిజం చెబితే ముసలామె చెయ్యి ఇక ఏ రోగి మీదా పడదు. అబద్ధం చెబితే రేపు మళ్లీ సున్నమే.

రూప్లి లేచి ఆ మెరిసే వేళ్లు పట్టుకుంది. "అవ్వా, సున్నం నా మందును కట్టేసింది. అది నేను నీకు చెప్పలే. కానీ మనుషులను బతికించింది నీ గంజే. ఉప్పు గంజి ఆగితే నా గోలీలు పనిచెయ్యకముందే వాళ్లు పోతుండె. ఇగ గంజి నీది, గోలీలు నావి. గోలీ కాచిన నీళ్లతోటి మింగాలె, నువ్వే మింగియ్యాలె."

పుల్లమ్మ ఆమె మొహంలోకి చూసింది. "గొట్టం కరుగుతదా?"

"కరుగుతది. ఇప్పుడే ఒకటి నీళ్లలేసి చూపిస్త."

గణేష్ తలుపు తీశాడు. వెలుగు లోపలికి దూకింది. "దీపం ఆట బాగుంది. కానీ ఇన్‌స్పెక్టర్ ముందల నడవదు. ముంతల మెరిసింది మందే అని ఏం నమ్మకం? సున్నమే మెరుస్తదేమో. షాపుల గోలీ విప్పి, పిండి పక్కన పెట్టి చూపియ్యిన్రి. నా దగ్గర ఏజెన్సీ ఇచ్చిన అసలు నమూనా కూడా ఉంది. అది మెరిసినట్టు ఈమె సరుకు మెరవాలె."

"భలే చెప్పినవ్," అన్నాడు ఆంథోని మనస్ఫూర్తిగా. "నువ్వు నా క్లాసుల ఉంటే ముందు బెంచీల కూర్చోబెట్టేటోణ్ని."

మంచం మీది ఇద్దరికీ రూప్లి వెంట తెచ్చిన గోలీలు పుల్లమ్మ తన చేత్తోనే మింగించింది. ఆ తర్వాతే వాళ్లు వాగు దాటారు. అవ్వ కూడా వస్తానంది. దీపం మళ్లీ చూడాలట.

ఐదింటికి నాలుగు నిమిషాల ముందే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ సుజాత జీపు దిగింది. చేతిలో లక్క, సీలు, కాగితాలు. ఆంథోనికి నమస్కారం పెట్టింది గానీ ముక్తసరిగా. "మాస్టారూ, మీరంటే గౌరవం. కానీ ఫిర్యాదు రాతపూర్వకంగా వచ్చింది. పది నిమిషాలిస్తాను."

"ఐదు చాలమ్మా."

వెనక గదిలో స్టూలు మీద నాలుగు సాసర్లు పెట్టారు. నాలుగింటిలోనూ పుల్లమ్మ కొత్తగా తేర్చిన ఒకే సున్నపు తేట పోశారు. మొదటి దాంట్లో ఏమీ కలపలేదు. రెండో దాంట్లో మైదా. మూడో దాంట్లో రూప్లి డబ్బాలోంచి సుజాత స్వయంగా ఏరిన గోలీ పొడి. నాలుగో దాంట్లో గణేష్ తన స్ట్రిప్పు చించి పొడి పోశాడు. రూప్లి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆరేళ్లు చదివి, పరీక్షలు రాసి, తండాలో మొదటిసారి ఒక ఆడపిల్ల పేరు బోర్డు మీదికెక్కితే, అది ఈ సాసర్ మీద ఆధారపడి ఉంది.

శాంతికుమార్ తలుపు మూసి దీపం వేశాడు.

మొదటి సాసర్ చీకటి. రెండోదీ చీకటే. మూడోది నిమ్మపండు రంగులో వెలిగింది, సాసర్ అంచు పువ్వులు కూడా కనబడేంత కాంతిగా.

"చూసినవా! చూసినవా!" అంటూ పుల్లమ్మ చప్పట్లు కొట్టింది.

అందరి కళ్లూ నాలుగో సాసర్ మీదే ఉన్నాయి. అది మైదా సాసర్ లాగే నల్లగా ఉంది.

"సరిగ కలవలేదేమో," అన్నాడు గణేష్. పుల్లతో కలిపాడు. ఇంకో గోలీ విప్పి పోశాడు. ఇంకొకటి. స్ట్రిప్పు మొత్తం అయిపోయింది. సాసర్ మెరవలేదు.

ఆంథోని అయోడిన్ సీసా తీసి నాలుగో దాంట్లో ఒక చుక్క వేశాడు. తలుపు తీసి పగటి వెలుగులో చూపించాడు. నల్లటి నీలం. పిండి.

"ఇది ఎవరిచ్చారు?" అంది సుజాత. ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది.

"మా క్లయింటు మేడం. అసలు సరుకు ఇట్లుంటదని, పోల్చి చూసుకోమని..." గణేష్ మాట సగంలో ఆగింది. "వాళ్ల గుమాస్తా ముందు కనబడ్డ డబ్బాల నుంచి తీసిచ్చిండు."

"ఆ ఏజెన్సీ మనిషే మూడు నెలల కింద నా షాపుకొచ్చి సగం ధరకు ఇస్తనన్నడు," అంది రూప్లి. "బిల్లు లేకుండ తీసుకోనన్న. 'చూసుకుంట' అని పోయిండు."

గణేష్ నడిచి వెళ్లి కుర్చీలో కూర్చోబోయాడు. అది రూప్లి కుర్చీ అని గుర్తొచ్చి నిలబడ్డాడు. "అంటే నన్ను పెట్టుకున్నది దొంగను పట్టనీకి కాదు. దొంగతనం మీ మీద రుద్దనీకి." ఆంథోని వైపు తిరిగి, "మాస్టారూ, నేను గాడిదను," అన్నాడు.

"గాడిదకు నమూనా అడగాలని తోచదు నాయనా. దొంగను పట్టిచ్చింది నీ ప్రశ్నే."

సుజాత లక్క, సీలు సంచిలో పెట్టేసింది. నాలుగో సాసర్ పొడిని, ఖాళీ స్ట్రిప్పును కవర్లో వేసి సంతకాలు తీసుకుంది. "ఈ సరుకు ఇంకెక్కడికి పోయింది?"

గణేష్ తల దించుకునే చెప్పాడు. "నిన్న పొద్దున నేను వాళ్ల గోడౌన్ల ఉన్నప్పుడే ఆటోట్రాలీకి ఎక్కించిన్రు మేడం. నలభై డబ్బాలు. సగం కారేపల్లికి, సగం అశ్వారావుపేటకు. వరద దిక్కున జల్దీ అమ్ముడుపోతయని నవ్వుకున్నరు కూడా."

రెండు చోట్లా విరేచనాలు మొదలైనట్టు పొద్దున పేపర్లో పడింది.

జీపు స్టార్టయింది. గోడౌన్ చూపిస్తానని గణేష్ ముందు సీట్లోకి ఎక్కాడు. తడి బూట్లు విప్పి చేత పట్టుకున్నాడు. పుల్లమ్మ గుంపు నుంచి వెంట తెచ్చిన గంజి కుండలోంచి అతనికి ఒక దొప్ప పోసింది. అతను వద్దనలేదు.

రూప్లి డైరీ తీసి ఫోన్ దగ్గర కూర్చుంది. వాళ్ల బ్యాచ్ పిల్లలు ఎవరెక్కడ షాపులు పెట్టారో ఆమెకు తెలుసు. ఏడు గంటలకు కారేపల్లి దొరికింది.

"డబ్బాలు ఇయ్యాలనే దిగినయట సార్. విప్పలేదట. మూల పెట్టి తాళమేసిండు." ఆమె కళ్లల్లో నీళ్లు, పెదవుల మీద నవ్వు. మళ్లీ నంబరు నొక్కింది. మోగింది, మోగింది. "అశ్వారావుపేటల ఎత్తుతలేరు."

ఎనిమిదికి ఎత్తారు. అవతల ఒక ఆడగొంతు. రూప్లి విని, రిసీవర్ మీద చెయ్యి మూసి ఆంథోని వైపు తిరిగింది.

"మధ్యాహ్నం నుంచి అమ్మిన్రట సార్. ఇరవై ఆరు మందికి. పేర్లు రాసి పెట్టుకున్నదట. తెల్లారేసరికి ఇరవై ఆరు ఇండ్లు తిరగాలె."

"పేర్లు రాసి పెట్టుకుందా? బంగారుతల్లి," అన్నాడు ఆంథోని. పేర్లుంటే మనుషులున్నట్టే. "మంచి గోలీలు ఎన్నున్నయ్ నీ దగ్గర?"

"సరిపోతయ్ సార్. ఉప్పు ప్యాకెట్లు కూడా ఉన్నయ్. మా తమ్ముని జీపు అర్ధగంటల వస్తది."

"ఒక్కొక్క ఇంట్ల ఏం తాగుతరో, దేంతో మింగుతరో ముందు అడగాలె."

"అవ్ సార్. మొదట అదే అడుగుత."

ఆమె డబ్బాలు సర్దుతుంటే పుల్లమ్మ ఒక్కొక్కటీ అందించింది. వెనక గదిలో బల్ల మీద శాంతికుమార్ నీలి దీపాన్ని గుండెలకు హత్తుకుని ఎప్పుడో నిద్రపోయాడు. నిన్న రాత్రి నుంచి కన్ను మూయని మనిషి. ఆంథోని తన కండువా అతని మీద కప్పి, కాళ్ల దగ్గర మంచినీళ్ల చెంబు పెట్టాడు. లేచాక చదువుకోవడానికి, రూప్లితో అశ్వారావుపేట పోతున్నానని చిన్న చీటీ రాసి చెంబు కింద ఉంచాడు. ఆ తర్వాత చప్పుడు కాకుండా వెనక గది తలుపు దగ్గరగా వేశాడు.